తూర్పు వైపు బెరడు

"అక్కా! మునిలక్ష్మక్కా!"

గేటు దగ్గర ఎవరో పిలిచారు. వసారాలో కూర్చుని ఉన్న వెంకటేశప్ప అలవాటు కొద్దీ ఇంట్లోకి తల తిప్పి, "ఇదో, నీకోసం ఎవరో వచ్చినారు" అనబోయి మాట నోట్లోనే ఆపుకున్నాడు. మునిలక్ష్మి చనిపోయి అప్పటికి నెల దాటింది. చుట్టాలందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. బెంగళూరు ఉత్తరపు కొసన, యలహంక పాతూరి చివర ఉన్న ఆ ఇంట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన ఒక్కడే.

గేటు తీసుకుని లోపలికి వచ్చినామెకు నలభై ఏళ్లుంటాయి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. చేతిలో బుట్ట, బుట్టలో వరిపొట్టు, పొట్టులో నాటుకోడి గుడ్లు.

"అక్క లేదా అన్నా? నేను మార్తను. అత్తిబెలె నించి వచ్చినా."

జవాబు చెప్పడం ఆయనకు కొత్తేమీ కాదు. ఆ నెలలో పాలవాడికి చెప్పాడు, పోస్ట్‌మ్యాన్‌కు చెప్పాడు, తను రిటైరైన టెలిఫోన్ ఆఫీసులో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఎదుటి మనిషి ముఖం వాలిపోయేది. ఆ ముఖాన్ని మళ్లీ నిలబెట్టే పని కూడా ఆయనదే అయ్యేది. ఈమె చూస్తే ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకు బస్సులు మారి, ఒక్క గుడ్డు కూడా పగలకుండా పట్టుకొచ్చింది.

"చిక్కపేటకు పోయిందమ్మా" అన్నాడు వెంకటేశప్ప.

ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. మార్త ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చిక్కపేటకా! మేమిద్దరం కలిసింది ఆడనే కదన్నా. అక్క చెప్పలేదా? మా చెల్లెలి పెండ్లికి పట్టుచీర తీద్దామని అంగడికి పోతిని. నా చేతులు చూసి ఆ అంగడాయన 'ముట్టొద్దమ్మా, పట్టు పీక్కుంటుంది' అనె. నిజమేలే, చూడు ఇట్లుంటే పీక్కోకుండా ఏమైతుంది?" అంటూ అరచేతులు చాపింది. వేళ్ల సందుల్లో చర్మం ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు దేలి ఉంది. "కార్ఖానాలో సబ్బుపొడి కట్టే పని అన్నా. నా పక్కన అక్క కూర్చోనుండె. ఒక్కొక్క చీర తనే విప్పి, నా ఒళ్లో పరిచి, మళ్లీ తనే మడిచె. బయటికొచ్చినాక 'మా ఇంట్లో మద్ది చెట్టుండాది, రా' అనె. అప్పట్నించి ఆ చెక్క కషాయంతో కడుక్కుంటే కొంచెం మేలు."

మునిలక్ష్మి ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని ఆమెకు తోచి ఉండదు. చనిపోయిన భార్య గురించి కొత్త సంగతి ఒకటి వినడం, అదీ ఎండలో చెమట తుడుచుకుంటున్న ఒక పరాయి మనిషి నోట వినడం ఆయనకు ఎంతో చల్లగా తోచింది.

"ఉండమ్మా, చెక్క తెస్తా" అని లేచాడు.

ఇంటి వెనక తెల్లమద్ది చెట్టు వాళ్లు స్థలం కొనేనాటికే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ కొట్టేద్దామంటే మునిలక్ష్మి ఒప్పుకోలేదు. చెట్టు కోసం వంటిల్లే పక్కకు జరిగింది. నున్నటి పాలిపోయిన మాను. పై పొర గోటితో గీరితే లోపల ఎర్రగా, మాంసం రంగులో బెరడు. దాన్ని మునిలక్ష్మి నీడలో ఎండబెట్టి, రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో జల్లించేది. ఆ పొడిని మొటిమల మచ్చలకు తేనెలో, చెంపల మీది మంగుకు పాలల్లో కలిపి పట్టించేది. నోటిపూతకు కషాయం పుక్కిలించమనేది. ఒంటి మీద దద్దుర్లకు, చెమటపొక్కులకు కుండలో మరిగించి గోరువెచ్చగా కడగమనేది. ఎవరైనా ఇది గుండెకు కూడా మంచిదట కదా అంటే, "చర్మానికైతే నేను, గుండెకైతే డాక్టరు" అని పంపించేసేది. తన గుండె దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆ మాట మరిచిపోయింది. రెండు రోజులు గ్యాస్ నొప్పి అనే అనుకుంది.

ఆయన మచ్చుకత్తి పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. బెరడు తీసే ముందు ఆమె మానుకు పసుపు దారం చుట్టి, "తల్లీ, బిడ్డ కోసం తీసుకుంటా ఉండా, కోపం చేసుకోవద్దు" అని చెట్టుకు చెప్పుకునేది. బట్టలుతికే బండ ఉన్న తూర్పు వైపునే ఎప్పుడూ కత్తి పెట్టేది. అటువైపు మాను మీద అరచేతి వెడల్పున పాత గాయాలు, మానినవీ మానుతున్నవీ, ఒకదాని మీద ఒకటి మెట్లలా కనిపించాయి. మిగతా మాను మీద గీత కూడా లేదు.

వెంకటేశప్పకు మనసు ఒప్పలేదు. ఉన్న నొప్పంతా ఒక్క వైపే ఎందుకు మోయాలి అనిపించింది. దారం చుట్టి, ఆమె చెప్పుకునే మాటే చెప్పుకుని, దక్షిణం వైపుకు జరిగి అక్కడ తీశాడు. కొత్త చేయి కదా, గాయం వంకరటింకరగా ఉండకూడదని తెల్ల మాను కనిపించేదాకా శుభ్రంగా చెక్కాడు. ఆమె చేసినట్టే ఎర్రమన్నూ పేడా కలిపి గాయానికి మెత్తాడు.

మార్త చెక్కను కొంగులో మూటగట్టుకుంది. "అక్కకు నేను అడిగినానని చెప్పన్నా."

"చెప్తానమ్మా."

ఆ సాయంత్రం దీపం పెట్టాక ఆయన ఫొటో ముందు నిలబడి, "మార్త వచ్చిందే. నిన్ను అడిగినానని చెప్పమనింది" అన్నాడు. చుట్టాలు వెళ్లాక ఇంటి లోపల ఆయన గొంతు వినబడటం అదే మొదలు. తన గొంతుకు తనే కాస్త ఉలిక్కిపడ్డాడు. తర్వాత రెండు గుడ్లు ఉడకేసుకుని తిన్నాడు.

మార్త ఏడాదికి మూణ్ణాలుగు సార్లు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మునిలక్ష్మి ఏదో ఒక చోటికి వెళ్లి ఉండేది: చెల్లెలి ఇంటికి, పెళ్లికి, గుడికి, ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి. ఫొటో నడింట్లో ఉంది కాబట్టి మార్తను ఆయన వసారాలోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాడు.

"ఏమన్నా, అక్క ఎప్పుడు చూసినా తిరుగుడే! ఇంట్లో కాలు నిలవదా? నువ్వు గట్టిగా చెప్పల్ల."

"నా మాట ఎప్పుడు విన్నదమ్మా?"

"అదీ నిజమే. నీ ముఖం చూస్తే తెలుస్తా ఉండాది, నువ్వు ఎవరికీ గట్టిగా చెప్పే మనిషివి కాదు." మార్త నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

అబద్ధమని ఆయనకు తెలుసు. అయితే ఊరికి అవతలి కొసన, అత్తిబెలెలో, ఒక మనిషి లెక్కలో మునిలక్ష్మి ఇంకా చీర కుచ్చెళ్లు సర్దుకుని బస్సెక్కి తిరుగుతూనే ఉంది. ఆ ఒక్క చోటునూ ఆయన చెరపలేకపోయాడు.

మిగతా వాళ్లకు ఆమె లేదని తెలుసు. తెలిసినా ఆమె పేరు చెప్పుకునే వచ్చేవాళ్లు. పక్కింటి జరీనా వాళ్లది కర్నూలు; చంటిపిల్లకు ఎండాకాలం ఒళ్లంతా చెమటపొక్కులు లేస్తే, "అమ్మ ఉన్నప్పుడు ఇచ్చేవారన్నా" అని గోడ మీంచి గిన్నె చాపింది. ఆయన తీసి ఇచ్చాడు. పిల్ల ఆ పూట హాయిగా నిద్రపోయిందని మర్నాడు జరీనా సేమియా పంపింది. మేడ మీది వాటా అద్దెకు తీసుకున్న గీతాంజలి విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ముఖం నిండా మొటిమలు.

"అంకుల్, సీరియస్‌గా అడుగుతున్నా. ఇది వర్కవుట్ అవుతుందా? నేను క్రీములకు పెట్టిన దాంతో ఒక స్కూటీ వచ్చేది."

"మొటిమల మాట నాకు తెలియదమ్మా. మచ్చలు పల్చబడతాయని ఆంటీ చెప్పేది. ముందు మోచేతి మీద రాసి చూడు. మండితే కడిగేసి డాక్టరు దగ్గరికి పో."

"ఆంటీ మీకు కూడా పూసేవారా?"

"పెండ్లయిన కొత్తలో ఒకసారి పూసింది. ఆరేలోపల మా ఆఫీసరు ఇంటికొచ్చినాడు."

గీతాంజలి మెట్ల మీద కూలబడి మరీ నవ్వింది. రెండు నెలలకు ఆమె చెంపల మీద మచ్చలు నిజంగానే పల్చబడ్డాయి. ఆఫీసులో అందరికీ చెప్పేసింది. ఆదివారాలు గేటు ముందు బైకులు ఆగడం మొదలైంది. "మునిలక్ష్మి ఆంటీ ప్యాక్ ఇక్కడేనా అండీ?" అని అడిగేవాళ్లు. బతికి ఉండగా ఆమె పేరు ఆ వీధి దాటి ఎరుగదు. ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో ఆ పేరు పలుకుతున్నారు. చెట్టు ఇస్తున్నన్నాళ్లూ ఎవరో ఒకరు ఆ గేటు దగ్గర నిలబడి ఆమెను పిలుస్తూనే ఉంటారని ఆయనకు అర్థమైంది. లేదని ఎవరినీ పంపలేదు. ఎవరికీ ఎక్కువ ఇవ్వలేదు, ఒక్కొక్కరికి అరచేయంత. ప్రతిసారీ చెట్టుకు చెప్పుకునే తీశాడు. ఒకసారి తీసిన చోట మళ్లీ తీయకుండా, ఏ వైపుకూ అన్యాయం జరగకుండా, దక్షిణం నుంచి పడమరకు, పడమర నుంచి ఉత్తరానికి జరుగుతూ వచ్చాడు. చివరికి తూర్పున ఆమె తీసిన మెట్ల పక్కకు చేరి, అక్కడ మిగిలిందీ తీశాడు.

ఏటా ఆమె తిథి నాడు మానుకు కొత్త దారం కట్టేవాడు. అయిదో ఏడు కడుతుండగా దారం ఎక్కడా ఆనలేదు. ఇంతకుముందు నున్నటి బెరడు మీద బిగుతుగా కూర్చునేది. ఈసారి కిందికి జారిపోయింది. జారిన దారాన్ని వేలితో పట్టుకుని పైకి లాగుతూ ఆయన చెట్టు చుట్టూ నడిచాడు. దారం కింద ఎండిన మన్ను, మన్ను రాలిన చోట తెల్ల మాను. మళ్లీ మన్ను, మళ్లీ తెల్లదనం. తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాడు. దారం కింద ఎక్కడా బెరడు లేదు.

వెంకటేశప్ప బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. కాలేజీలో బాటనీ చదివినవాడే. ఇలా బెరడు తీసే ప్రయోగం పరీక్షలో వస్తే బొమ్మ కూడా గీశాడు: నీరు మాను లోపలి నుంచి పైకి పోతుంది, ఆకులు వండిన తిండి బెరడు గుండా వేళ్లకు దిగుతుంది, చుట్టూ వలయంలా బెరడు తీస్తే వేళ్లు ఆకలికి చస్తాయి. ఆ బొమ్మ బాగుందని లెక్చరరు మెచ్చుకున్నాడు కూడా. బొమ్మలో ఉన్నది ఏదో ఒక చెట్టు. ఇది తన ఇంటి చెట్టు. రెండూ ఒకటేనని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

మునిలక్ష్మి ఒక్క వైపే ఎందుకు తీసేదో అప్పుడు కనిపించింది. మిగతా మూడు వైపులా తిండి దిగడానికి దారి ఉంచింది. తెల్ల మాను దాకా ఎన్నడూ చెక్కలేదు. అడుగున పల్చటి పొర మిగిల్చేది, అందులో నుంచే కొత్త బెరడు పుట్టుకొచ్చేది. నొప్పిని నాలుగు వైపులా సమంగా పంచానని ఆయన అనుకున్నాడు. వేళ్లకు తిండి దిగే దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాడు.

ఆ రోజు నుంచి చెక్క తీయడం మానేశాడు. పేడా ఎర్రమన్నూ మళ్లీ మెత్తి, తడి గోనెపట్ట చుట్టి, పైన ఆమె పాత నూలు చీర చింపి కట్టు కట్టాడు. గీతాంజలి సంగతి విని ఏడుపు ముఖం పెట్టింది.

"అంకుల్, మా వల్లే కదా? మా బ్యాచ్ అంతా..."

"మీరు అడిగినారు. ఇచ్చింది నేను. నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దమ్మా."

ఆమె రోజూ ఆఫీసుకు పోయేముందు బకెట్టుతో నీళ్లు తెచ్చి గోనెపట్ట తడిపేది. ఆఫీసు సంచి భుజాన వేసుకుని, తడి నేల మీద పాదాలు జారుతున్నా ఆ పిల్ల అలా నీళ్లు పోస్తుంటే వెంకటేశప్ప కిటికీలో నుంచి చూసి, లోకం మరీ అంత చెడ్డది కాదు అనుకునేవాడు.

వేసవిలో చెట్టు ఆకు రాల్చింది. తర్వాత చిగురించింది. ఎన్నడూ లేనంతగా పూసింది. అయిదు రెక్కల కాయలు గుత్తులుగుత్తులుగా వేలాడాయి. జరీనా గోడ మీంచి, "చూడన్నా, అమ్మ దీవెన, ఎట్లా కాసిందో!" అంది. ఆయనా నమ్మాడు. రోజూ పొద్దున లేచి తల వెనక్కి వాల్చి మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాడు. చావబోయే చెట్టు ఉన్నదంతా కాయల్లో పెట్టేస్తుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పినా విని ఉండేవాడు కాదు.

మరుసటి ఏడు ఆకు రాలింది. మళ్లీ రాలేదు.

ఎండిన కొమ్మ ఒకటి జరీనా వాళ్ల రేకుల మీద పడ్డాక చెట్టు కొట్టించక తప్పలేదు. కోతమిల్లు గంగప్ప మనుషులతో వచ్చాడు. కట్టు మీది చీర పేలికలను వెంకటేశప్ప తనే విప్పుకున్నాడు. కొట్టినంతసేపూ ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు గానీ అందులో ఏం వచ్చిందో వినలేదు. సాయంత్రానికి వంటింటి కిటికీలో నుంచి ఎన్నడూ రానంత వెలుతురు వచ్చింది. ఆ వెలుతురులో గిన్నెల మసి, గోడ మీది నూనె మరకలు అన్నీ కనిపించాయి. ఆ రాత్రి ఆయన వంట చేసుకోలేదు.

ఆయన చెక్క తీయడం మానేసినప్పటి నుంచి మార్త రాలేదు. ఒక రోజు, వాన వెలిసిన మధ్యాహ్నం, గేటు చప్పుడైంది.

"అక్కా! ఈ పొద్దన్నా ఇంట్లో ఉండావా, లేదా?"

అదే బుట్ట, అదే వరిపొట్టు. జుట్టు మాత్రం కాస్త నెరిసింది. కూతురి కాన్పు, తర్వాత బిడ్డకు జబ్బు, అందుకే రాలేదని చెప్పుకుంటూ వసారా ఎక్కిన మార్త ఇంటి పైకప్పు వెనక ఖాళీ ఆకాశం చూసి ఆగిపోయింది.

"చెట్టేదన్నా?"

"చచ్చిపోయిందమ్మా. నేను చుట్టూ చెక్క తీసేసినా. తియ్యకూడదని తెలియలేదు."

"అయ్యో దేవా!" మార్త బుట్ట కింద పెట్టింది. "అక్క ఎట్ల తట్టుకునిందన్నా? ప్రాణం కదా అక్కకు ఆ చెట్టంటే. యాడుంది అక్క? పిలువు, ఒక మాట మాట్లాడి పోతా."

అక్క తీర్థానికి పోయిందని చెప్పాలని ఆయన ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు. చెక్క ఇచ్చేటప్పుడు అబద్ధం చెప్పడం తేలిక; చేతిలో ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు చేతులు ఖాళీ. ఈమె ఇక ఎందుకు వస్తుంది? వచ్చినా ఎన్నాళ్లు తీర్థాలు తిప్పుతాడు?

"మార్తా, అక్క లేదమ్మా. చనిపోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు మొదట చిక్కపేట సంగతి చెప్పినావే, ఆ రోజుకు నెల ముందు."

మార్తకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక వసారా మెట్టు మీద కూలబడి, "అక్కా" అని గొంతెత్తి ఏడ్చింది. మంచం దగ్గర ప్రాణం పోయిన క్షణాన ఏడ్చినట్టు, ఒళ్లు ఊగిపోయేలా ఏడ్చింది. పక్కింట్లో నుంచి జరీనా తొంగి చూసింది. వెంకటేశప్ప చేయి ఊపి ఏమీ లేదన్నాడు. ఆ ఇంట్లో ఏడుపులు ఆరేళ్ల కింద ఆగిపోయాయి. ఏడ్చినవాళ్లు పిల్లాపాపలతో, పనులతో ముందుకు వెళ్లిపోయారు. అత్తిబెలెలో మాత్రం ఈ పొద్దున దాకా మునిలక్ష్మి బతికే ఉంది.

"నాకు చెప్పకపోతివే అన్నా!" మార్త తల ఎత్తింది. "ఒక్క మాట చెప్పుంటే వచ్చి పిడికెడు మన్నన్నా వేసి పోదును కదా. ఎన్నిసార్లు వచ్చినా! ఎన్నిసార్లు చెప్పి పంపినా, అడిగినానని చెప్పు, కూతురికి నెల తప్పిందని చెప్పు, పండక్కి రమ్మని చెప్పు... అవన్నీ ఏం చేస్తివన్నా?"

"చెప్పినానమ్మా" అన్నాడు వెంకటేశప్ప. "ప్రతిసారీ ఫొటో ముందు నిలబడి చెప్పినా. నువ్వు వచ్చిన రోజు నాకు ఇంట్లో మాట్లాడేదానికి ఒక మాట ఉండేది."

మార్త ఆయన వంక చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ కళ్లు నిండాయి, మళ్లీ తుడుచుకుంది. ఆయన లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చి, వాకిలి తలుపు రెండో రెక్క కూడా తీశాడు. ఆమెను నడింట్లోకి పిలవడం అదే మొదటిసారి. మార్త చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఫొటో అద్దాన్ని పగిలిన వేళ్లతో మెల్లగా తడిమింది.

"చేతులకు ఇచ్చేదానికి చెక్క లేదమ్మా నా దగ్గర."

"చేతులు ఉండనీలే అన్నా" అంది మార్త.

చాలాసేపు కూర్చుంది. వెళ్లేటప్పుడు గుడ్లు వంటింట్లో తనే పెట్టింది. కిటికీలో నుంచి పడుతున్న వెలుతురు వైపు తల ఎత్తి చూసింది. గేటు దగ్గర అలవాటుగా వెనక్కి తిరిగి, "అక్కకు..." అని ఆగింది. పెదవి బిగబట్టి, మళ్లీ గట్టిగా అంది:

"అక్కకు చెప్పన్నా, మార్త వచ్చి నన్ను బాగా తిట్టి పోయిందని చెప్పు."

"చెప్తానమ్మా."

వీధి మలుపు తిరిగేదాకా ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, దీపం వేళ ఇంకా కాకపోయినా, ఫొటో ముందు నిలబడ్డాడు.

"మార్త వచ్చిందే" అన్నాడు.

ఈసారి చెప్పాల్సింది ఒక్క మాటతో తేలేది కాదు. చెట్టు సంగతి కూడా ఆయన ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.